అడవిలో కార్ల శ్మశానం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

స్వీడన్ అడవుల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత కార్ల ఛాయాచిత్రాలను గత సంచికలో ప్రచురించిన తరువాత ఈ శీర్షికకు పెద్ద సంఖ్యలో ఉత్తరాలు వచ్చాయి. నాచు కప్పేసిన బానెట్లను, కిటికీలోంచి బయటికి పెరిగిన చెట్లను చూసి ముచ్చటపడి రాసినవారు కొందరు. అవి అక్కడికి ఎలా చేరాయి, వెళ్ళి చూడవచ్చా, ప్రభుత్వాలు ఎందుకు తొలగించడం లేదు అని అడిగినవారు ఇంకా ఎక్కువమంది. దగ్గరి ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: జనసంచారం లేని అడవిలోకి వందల కార్లు ఎలా వెళ్ళాయి? ఎవరైనా రహస్యంగా తెచ్చి పారేశారా?

జవాబు: పేరుపొందిన కార్ల శ్మశానాలలో చాలావరకు ఒకప్పుడు మనుషులు పొద్దస్తమానం పని చేసుకుని బతికిన తుక్కు యార్డులే. దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్ ప్రాంతంలో, రీడ్ అనే ఊరికి దగ్గరగా షిర్కో మోస్సె అనే బురదనేల ఉంది. ఓకె డానియెల్సన్ అనే ఆయన 1930లలో ఆ నేల కొన్నది పీట్ తవ్వుకోవడానికి. మొక్కలు నీటిలో సగం కుళ్ళి పేరుకుపోయిన ఆ మట్టిని ఎండబెడితే పొయ్యిలోకి పనికివస్తుంది. తరువాతి కాలంలో ఆయన పాడైన కార్లను తెచ్చి, పనికివచ్చే భాగాలను విప్పి అమ్మడం మొదలుపెట్టి, 1970ల దాకా ఆ పని చేశారు. అక్కడే ఒక చిన్న గుడిసెలో ఉంటూ వచ్చి, వయసు మీద పడ్డాక వృద్ధాశ్రమానికి మారి, 2000లో కన్నుమూశారు. ఆయన వదిలివెళ్ళిన సుమారు 150 కార్లు ఇప్పటికీ ఆ బురదలోనే ఉన్నాయి.

ఇంకా పెద్దది, నార్వే సరిహద్దును ఆనుకుని ఉన్న వెర్మ్‌లాండ్ ప్రాంతంలోని బోస్ట్‌నెస్. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు 1950ల నుంచి తుక్కు వ్యాపారం చేశారు. అక్కడున్న కార్లు వెయ్యి దాకా ఉంటాయని చెబుతారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత నార్వేలో 1960 వరకు సొంత కారు కొనుక్కోవడానికి ప్రభుత్వ అనుమతి కావలసివచ్చేది. కొత్త కారు దొరకని చోట ఉన్న కారునే బతికించుకోవాలి, దానికి విడిభాగాలు కావాలి. సరిహద్దు పక్కనే ఉన్న యార్డుకు ఆ రోజుల్లో ఎంత గిరాకీ ఉండి ఉంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ గిరాకీ పోయిన తరువాత ఏం జరుగుతుందంటే, పాత మోడళ్ళ భాగాలు అడిగేవారు ఉండరు. రేకును కరిగించే కర్మాగారానికి చేర్చాలంటే వచ్చే డబ్బు కంటే రవాణా ఖర్చే ఎక్కువవుతుంది. యజమానికి వయసు మీద పడుతుంది. స్వీడన్‌లో 1975లో కార్ల తుక్కు కోసం ప్రత్యేక చట్టమే వచ్చి, పాత కారును అనుమతి ఉన్న యార్డుకు అప్పగించే పద్ధతి స్థిరపడింది. అటువంటి మార్పుల తరువాత అడవి అంచున ఒంటిచేత్తో నడిచే చిన్న యార్డులకు కొత్త సరుకు రావడం తగ్గిపోయింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ యార్డులు నడిచినప్పుడు అవి చాలావరకు చెట్లు కొట్టేసిన ఖాళీ జాగాలు. లారీ తిరగడానికి, కారును పక్కకు దొర్లించడానికి చోటు లేకపోతే ఈ వ్యాపారమే సాగదు. పని ఆగిన తరువాత, ఖాళీ నేలలో అన్నిటికంటే ముందు మొలిచే బిర్చ్ చెట్లు మొదట వచ్చాయి, వాటి నీడలో స్ప్రూస్ వచ్చింది. మనం ఫోటోలో చూసే అడవి వయసు సాధారణంగా కార్ల వయసు కంటే తక్కువ.

ప్రశ్న: బెల్జియం అడవిలో అమెరికన్ సైనికులు రెండవ ప్రపంచయుద్ధం తరువాత తమ కార్లను దాచి వెళ్ళారని, తిరిగి వచ్చి తీసుకుపోలేకపోయారని చదివాను. ఇది నిజమేనా?

జవాబు: మీరు చదివినది దక్షిణ బెల్జియంలోని షాతియోన్ గ్రామం దగ్గరి కార్ల గురించి. అడవి బాటలో ట్రాఫిక్ జామ్ అయినట్టు ఒకదాని వెనుక ఒకటి నిలబడిన తుప్పు కార్ల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, వాటితోపాటు ఈ కథ కూడా తిరిగింది. ఓడలో కార్లు తీసుకుపోయే ఖర్చు భరించలేక సైనికులు వాటిని చెట్ల మధ్య దాచి వెళ్ళారన్నది కథ.

కథ ఎంత హృద్యంగా ఉన్నా, కార్ల సాక్ష్యం దానికి సరిపోదు. యుద్ధం ముగిసింది 1945లో. ఆ ఫోటోలలో కనిపించే వాహనాలలో చాలా వాటి ఒంటి తీరు 1950లది, 1960లది. పుట్టని కారును ఎవరూ దాచలేరు. పైగా ఆ రోజుల్లో ఐరోపా అంతటా కార్ల కొరత ఉండేది. నడిచే కారును అమ్మితే మంచి డబ్బు వచ్చే కాలంలో వందల కార్లను అడవిలో వదిలి వెళ్ళవలసిన అవసరం ఏ సైనికుడికి ఉంటుంది? అక్కడ జరిగింది కూడా తుక్కు వ్యాపారమే అనుకోవడం సబబు. ఆ కార్లను ఇప్పుడు తొలగించారు కాబట్టి, వాటిని చూద్దామని ప్రయాణం పెట్టుకోకండి.

ఇటువంటి కథలను మేము తేలికగా తీసుకోలేము. కారణం ఇది: ఒక మనిషి చలిలో, వానలో, చేతులు నూనె చేసుకుని దశాబ్దాల పాటు పోగుచేసిన చోటును, ఎన్నడూ అక్కడ లేని సైనికుల పేరిట రాసేస్తున్నాము. చూడటానికి వెళ్ళేవారు ముందు ఆ మనిషి ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేయాలని మా కోరిక.

ప్రశ్న: నాచు కింద సగం మునిగిపోయిన కారు ఏ కాలానిదో సామాన్యులు గుర్తుపట్టగలరా? మార్కు బిళ్ళలు కూడా ఊడిపోయి ఉంటాయి కదా.

జవాబు: గుర్తుపట్టవచ్చు. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాము.

అద్దాలతో మొదలుపెట్టండి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఐరోపా కార్ల శ్మశానాలలో తరచుగా ఎదురయ్యే కారు. దాని వెనుక అద్దం మధ్యలో నిలువు రేకుతో రెండు ముక్కలుగా ఉంటే అది 1953 మార్చి కంటే ముందుది. ఒకే అద్దం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఆ తరువాత 1957 మధ్య వరకు తయారైనది. వెడల్పైన దీర్ఘచతురస్రం అయితే ఇంకా తరువాతిది. వోల్వోలో ఇదే కిటుకు ముందు అద్దానికి పనికివస్తుంది. 1947 నుంచి 1958 వరకు అమ్మిన పీవీ444కు ముందు అద్దం రెండు ముక్కలు. దాని తరువాత 1958లో వచ్చి 1965 వరకు సాగిన పీవీ544కు వంపు తిరిగిన ఒకే అద్దం. అద్దం పగిలిపోయినా, అది కూర్చునే చట్రం మధ్యలో నిలువు పట్టీ ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

తరువాత ముందు తలుపు వెనుకనున్న నిలువు స్తంభాన్ని పరిశీలించండి. కొన్ని కార్లలో అక్కడ అరచేతి పొడవున సన్నని చీలిక కనిపిస్తుంది. మిణుకుమిణుకుమనే లైట్లు రాకముందు మలుపు తిరిగేటప్పుడు ఆ చీలికలోంచి ఒక చిన్న చెయ్యి వంటిది బయటికి లేచేది. అదృష్టం ఉంటే, నారింజ రంగు ప్లాస్టిక్ పలకతో ఆ చెయ్యి ఇంకా లోపలే మడుచుకుని ఉంటుంది. ఐరోపాలో అమ్మిన బీటిళ్ళలో ఇది 1960 దాకా ఉంది. అదే స్తంభానికి లోపలివైపు సీటు బెల్టు బిగించిన గుర్తు ఉందేమో కూడా చూడండి. ఛాతీ మీదుగా, నడుము మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టును వోల్వో తన కార్లలో పెట్టడం మొదలుపెట్టింది 1959లో.

రంగు లేచిపోయిన చోట పెచ్చు అంచును దగ్గరగా చూడటం మాకు ఎంతో ఇష్టమైన పని. పైన మాసిపోయిన ఆకుపచ్చ, దాని కింద మీగడ రంగు, ఆ కింద మట్టి రంగు ప్రైమరు, అన్నిటికంటే లోపల రేకు. రెండు రంగులు ఉన్నాయంటే ఆ కారు చేతులు మారిందనో, దెబ్బ తగిలి బాగయిందనో అర్థం. తలుపు లోపలి అంచున, బానెట్ అడుగున మీగడ రంగు ఒక్కటే ఉంటే, రెండోసారి రంగు వేసినవారు పైపైన పని కానిచ్చారని కూడా తెలుస్తుంది. చిరిగిన సీటులోంచి స్ప్రింగులతోపాటు కొబ్బరి పీచు బయటికి వచ్చి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. నురుగు రబ్బరు వాడకం పెరగకముందు గుర్రపు వెంట్రుకలను, కొబ్బరి పీచును రబ్బరుపాలతో అంటించి సీట్ల మెత్తలు చేసేవారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ కారు ఎప్పుడు తయారైందో చెబుతాయి, అడవికి ఎప్పుడు వచ్చిందో చెప్పవు. సాధారణంగా ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగిన తరువాతే కారు తుక్కు యార్డుకు చేరుతుంది. రాక తెలుసుకోవడానికి పురావస్తు తవ్వకాలలో వాడే తర్కమే వాడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే అడుగున ఉన్నది ముందు వచ్చినది. ఆ దొంతర పేర్చిన కాలం, అందులో అన్నిటికంటే కొత్త కారు తయారైన సంవత్సరం కంటే ముందు కాజాలదు. ఇంజను ఉండవలసిన ఖాళీలోంచి పైన్ చెట్టు లేచి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే పైన్ చెట్టు ఏడాదికి ఒక వరుస చొప్పున చుట్టూ కొమ్మలు వేస్తుంది. కాండం మీద ఆ కొమ్మల వరుసలను, రాలిపోయిన కొమ్మల కణుపులను కింది నుంచి లెక్కపెడితే, ఆ కారు కనీసం ఎన్నేళ్లుగా కదలకుండా ఉందో గొడ్డలి ముట్టకుండానే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఒక ఫోటోలో చెట్టు కారును నేల మీద నుంచి పైకి ఎత్తేసినట్టు ఉంది. చెట్టుకు అంత బలం ఉంటుందా?

జవాబు: చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల చివర్లలో. కాండం మీద ఛాతీ ఎత్తున ఒక మేకు కొడితే, ఇరవై ఏళ్ల తరువాత చెట్టు రెండింతలు పొడవైనా మేకు ఛాతీ ఎత్తునే ఉంటుంది. కాబట్టి కాండం కారును తనతోపాటు పైకి మోసుకుపోలేదు. మీరు చూసిన కారు మొదటి నుంచీ మరో కారు మీదో, దిమ్మె మీదో పెట్టినది అయి ఉండవచ్చు, లేదా పీట్ నేల కుంగిపోయి చుట్టుపక్కలవి దిగినప్పుడు వేళ్ళ ఆసరా ఉన్న వైపు నిలిచిపోయి ఉండవచ్చు. వేళ్ళు లావెక్కి ఒక చక్రాన్ని కాస్త పైకి ఒత్తడం మాత్రం జరుగుతుంది.

చెట్టు నిజంగా చేసే పని లావెక్కడం. బెరడుకు బంపరు తగిలితే ఏటా కాస్త కాస్తగా కలప దాని చుట్టూ పెరిగి, చివరికి ఇనుమును మింగేస్తుంది. అప్పుడు ఆ బంపరును లాగితే రేకూ చిరుగుతుంది, చెట్టుకూ గాయమవుతుంది.

ప్రశ్న: అడుగు భాగం పూర్తిగా మాయమైపోయినా పైకప్పు, తలుపులు గట్టిగానే ఉంటాయి. ఎందుకని?

జవాబు: తుప్పుకు నీరు, గాలి రెండూ కావాలి. ఒకసారి తడిసి వెంటనే ఆరిపోయే రేకు కంటే, ఎప్పుడూ చెమ్మగా ఉండే రేకు ఎన్నో రెట్లు వేగంగా తినిపోతుంది. పైకప్పు వాలుగా ఉంటుంది, గాలి తగులుతుంది, వాన వెలిసిన కాసేపటికి ఆరుతుంది. అడుగు రేకుకు కింద తడి నేల, పైన కుళ్ళిన చాపలు, ఆకులు. తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె ఆకారపు దూలానిది ఇంకా దీనస్థితి. నీరు కారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు ఆకుల పొడితో మూసుకుపోతే అది లోపలి నుంచే తినిపోతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది కాబట్టి, అతికించిన రెండు రేకులను విడదీసి పొరలు పొరలుగా ఉబ్బుతుంది. పైనుంచి రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తున్నా లోపల ఏమీ మిగిలి ఉండకపోవచ్చు.

నాచు కప్పిన కారు భద్రంగా ఉంటుందని ఒక పాఠకుడు రాశారు. దీనికి విరుద్ధంగా జరుగుతుంది. నాచు తడిని పట్టి ఉంచి రేకును ఆరనివ్వదు.

ప్రశ్న: లోపల కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని ఫోటో దిగవచ్చా?

జవాబు: దయచేసి వద్దు. పై జవాబు చదివిన తరువాత కారణం తేలికగానే అర్థమవుతుంది: మీరు కాలు పెట్టే అడుగు రేకు అక్కడ లేకపోవచ్చు, ఉన్నా కత్తిలా పదునుగా విరగవచ్చు. మరో కారు మీద పేర్చిన కారైతే మనిషి బరువుకు జారవచ్చు. పక్క అద్దాలు గట్టిపరచిన గాజువి అయితే చిన్న తాకిడికి వందల ముక్కలుగా రాలిపోతాయి.

కంటికి కనిపించని అపాయాలు ఇంకొన్ని ఉన్నాయి. పాత బ్రేకు లైనింగులలో, కొన్ని గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని గీకడం, విరగ్గొట్టడం చేయరాదు. పెట్రోలు ఎప్పుడో ఇగిరిపోయిందనుకున్న ట్యాంకులో కూడా ఆవిరి మిగిలి ఉండవచ్చు, దగ్గరలో నిప్పు వద్దు. సీట్ల కింద ఎలుకలు కాపురం చేసి ఉంటాయి. వాటి రెట్ట, మూత్రం ఎండి లేచే ధూళి పీలిస్తే హాంటావైరస్ సోకే ప్రమాదం ఉంది. ఉత్తర ఐరోపా అడవులలో పిడుదుల బెడద ఎక్కువ కాబట్టి పొడవు చేతుల చొక్కా, సాక్సులోకి దోపిన ప్యాంటు అవసరం. తుప్పు మేకు గీసుకుంటే ధనుర్వాతం వస్తుందని మనందరికీ చిన్నప్పటి నుంచి చెబుతారు. ఆ సూక్ష్మజీవి తుప్పులో పుట్టదు, మట్టిలో ఉంటుంది. శుభ్రమైన కొత్త రేకు మట్టి అంటుకుని లోతుగా గుచ్చుకున్నా అంతే అపాయం. టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వెళ్ళే ముందు వైద్యులను సంప్రదించండి. ఒంటరిగా వెళ్ళకండి, గట్టి బూట్లు లేకుండా అసలు వెళ్ళకండి.

ప్రశ్న: ఎలాగూ మట్టిలో కలిసిపోయే కారే కదా, జ్ఞాపకంగా ఒక మార్కు బిళ్ళనో, స్పీడోమీటరునో తెచ్చుకుంటే తప్పేమిటి?

జవాబు: మొదటి తప్పు చట్టానికి సంబంధించినది. వదిలేసినట్టు కనిపించే వస్తువుకు కూడా యజమాని ఉంటారు. ఆ నేల ఎవరిదో ఒకరిది, ఆ కార్లు ఎవరివో ఒకరివి. అడగకుండా తీసుకుంటే దొంగతనం అవుతుంది.

రెండవది మాకు ఇంకా ముఖ్యంగా తోచేది. ఒక కారు ముందు నిలబడి రేడియేటరు ఉండవలసిన చోటు చూడండి. బోల్టు రంధ్రాలు గుండ్రంగా, అంచులు చెదరకుండా ఉంటే, ఎవరో పానాతో ఓపికగా విప్పి తీసుకున్నారని తెలుస్తుంది. రేడియేటరులో రాగి, ఇత్తడి ఉంటాయి కాబట్టి తుక్కు వ్యాపారి ముందుగా తీసేది దాన్నే. బ్యాటరీ లేకపోతే దాని సీసం అమ్ముడుపోయిందని అర్థం. ఒక తలుపు మాత్రమే లేకపోతే, ఎక్కడో అదే మోడలు కారుకు ఆ తలుపు బిగించారు. ఏది పోయింది, ఏది మిగిలింది అన్న ఆ పట్టికే ఆ మనిషి నడిపిన వ్యాపారపు లెక్కల పుస్తకం. అదే కారు డ్యాష్‌బోర్డులో స్పీడోమీటరు చుట్టూ రేకు వంగిపోయి, వైర్లు తెగి వేలాడుతూ, చిరిగిన అంచు తాజాగా మెరుస్తూ ఉంటే, అది సందర్శకుల చేతివాటం. ఒక్కొక్కరు ఒక్కొక్క బిళ్ళ పట్టుకుపోతే, కారు ఏ దశలో ఎవరి చేతుల్లో ఏమైందో చెప్పే ఆధారం పోతుంది, ఆ తరువాత వచ్చేవారికి తుప్పు పట్టిన రేకులే మిగులుతాయి. ఇంటికి తెచ్చిన బిళ్ళ అలమరలో ఏమీ చెప్పదు. తలుపు తెరవడం, సీటు కింది కాగితం లాగి చూడటం కూడా ఇందులోకే వస్తాయి. దశాబ్దాలుగా మూసి ఉన్న తలుపు తెరుచుకున్నాక మళ్ళీ సరిగా మూసుకోదు, వాన లోపలికి వస్తుంది.

ప్రశ్న: నూనె, బ్యాటరీ ఆమ్లం, సీసం మట్టిలోకి దిగవా? ఇంత కాలుష్యాన్ని వారసత్వం అని పిలవడం న్యాయమా?

జవాబు: మీ ఆందోళన న్యాయమైనది. ఒక బ్యాటరీలో ఎనిమిది పది కిలోల సీసం ఉండవచ్చు, ఇంజనులో మూడు నాలుగు లీటర్ల నూనె ఉంటుంది, వీటికి గేరు నూనె, బ్రేకు నూనె, యాంటీఫ్రీజ్ తోడవుతాయి. వందల కార్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు, ముఖ్యంగా భూగర్భజలం పైపైనే ఉన్న చోట.

స్విట్జర్లాండ్‌లోని కౌఫ్‌డోర్ఫ్ గ్రామంలో మెస్సెర్లి కుటుంబం రెండు తరాల పాటు నడిపిన తుక్కు యార్డు విషయంలో సరిగ్గా ఈ వాదనే జరిగింది. వందల కార్ల మధ్య చెట్లు పెరిగి, చూడటానికి జనం వచ్చే చోటుగా మారిన తరువాత, నేలను, నీటిని కాపాడాలని అధికారులు తొలగింపుకు పట్టుబట్టారు. దాన్ని అలాగే నిలపాలని కోరినవారూ గట్టిగానే వాదించారు. చివరికి 2009లో కార్లను వేలం వేసి స్థలం ఖాళీ చేశారు. షిర్కో మోస్సె విషయంలో స్థానిక మున్సిపాలిటీ మరో దారి ఎంచుకుని, కార్లను 2050 వరకు అక్కడే ఉంచాలని నిర్ణయించింది. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కాలం చెల్లిన వాహనం లోంచి ద్రవాలను, బ్యాటరీని ముందుగా తీసేయాలి, ఆ తరువాతే మిగతా పని. కొత్తగా ఇటువంటి శ్మశానాలు ఏర్పడకుండా చూడటానికి అది సరైన పద్ధతి అనే మేము నమ్ముతున్నాము.

పాతవాటి విషయంలో మా అభిప్రాయం ఇది. ముందు మట్టిని, నీటిని పరీక్షించాలి. మిగిలి ఉన్న ట్యాంకులను, బ్యాటరీలను, నూనెను నిపుణుల చేత తీయించాలి. అప్పటికీ నీటికి హాని ఉందని తేలితే, ఎంత అందమైన చోటైనా తొలగించవలసిందే. పక్క ఊరివారి తాగునీటి కంటే మన ముచ్చట పెద్దది కాదు. హాని లేదని తేలిన చోట మాత్రం తొలగింపుకు తొందరపడరాదు. దశాబ్దాల క్రితం సందుల్లో తిరిగిన మామూలు కార్లు ప్రదర్శనశాలల్లో తక్కువగా కనిపిస్తాయి. అక్కడ నిలిచేవి ఎక్కువగా ఖరీదైనవి, మెరుగుపెట్టినవి. పాలు మోసిన వ్యాను, డాక్టరు గారి కారు, నలుగురు పిల్లలతో సముద్రతీరానికి వెళ్ళివచ్చిన చిన్న కారు, తమ అరుగుదలతో సహా నిలిచి ఉండే అవకాశం ఇటువంటి చోట్లలోనే ఉంది. తొలగించక తప్పనప్పుడు కూడా, ప్రతి వాహనం ఉన్న చోటును, దాని చాసిస్ నంబరును నమోదు చేసి, ఫోటోలు తీసిన తరువాతే క్రేను రావాలి.

ప్రశ్న: వెళ్ళడానికి అనుమతి ఎవరిని అడగాలి?

జవాబు: నేల యజమానిని. స్వీడన్‌లో మాత్రం ప్రకృతిలో అందరూ తిరగవచ్చునన్న హక్కు ఉంది కాబట్టి, ఇతరుల అడవిలో నడవడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. అయితే ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదు, దేనినీ పాడుచేయకూడదు అన్నది ఆ హక్కుతో పాటే వచ్చే షరతు. ఇళ్ళ ఆవరణలు ఈ హక్కు కిందికి రావు, ఎవరైనా నివసించే ఇల్లు పక్కనే ఉంటే దానికి దూరంగా నడవాలి. వేరే దేశాలలో ఈ సౌకర్యం ఉందని అనుకోకండి.

ప్రశ్న: ఫోటోలకు ఏ సమయం మంచిది?

జవాబు: మబ్బు పట్టిన రోజు. ఎండ కాస్తే ఆకుల సందుల్లోంచి పడే వెలుగు మచ్చలు కారు ఆకారాన్నే చెడగొడతాయి. వాన వెలిసిన వెంటనే నాచు రంగు, తుప్పు రంగు రెండూ చిక్కబడతాయి. వసంతంలో, వేసవి మొదట్లో పక్షులు బానెట్ల కింద, హెడ్‌లైటు గుంతల్లో గూళ్ళు పెడతాయి. తల్లి పక్షి అరుస్తూ చుట్టూ తిరుగుతుంటే ఆ కారును వదిలి ముందుకు వెళ్ళండి. ఎవరికీ తెలియని చిన్న చోటు మీ కంటపడితే, ఫోటోతోపాటు దాని దారి మాత్రం ప్రచురించకండి.

ప్రశ్న: నాకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. బురదలో, వేళ్ళ మధ్య నడవలేను. ఇటువంటివి సుఖంగా చూసే వీలు ఎక్కడైనా ఉందా?

జవాబు: ఉంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, వైట్ అనే ఊళ్ళో ఓల్డ్ కార్ సిటీ అనే చోటు ఉంది. 1931లో ఒక కుటుంబం పెట్టిన దుకాణం కాలక్రమంలో తుక్కు యార్డుగా మారి, ఇప్పుడు 34 ఎకరాల చెట్ల మధ్య నాలుగు వేలకు పైగా పాత కార్లతో ప్రవేశ రుసుముకు చూపించే ప్రదర్శనగా నడుస్తోంది. కార్ల మధ్య నడక బాటలు ఉన్నాయి. జర్మనీలోని నియాండర్ లోయలో ఒక పాత కార్ల వ్యాపారి తన యాభయ్యవ పుట్టినరోజు సందర్భంగా, తాను పుట్టిన 1950లోనే తయారైన 50 కార్లను తోటలో చెట్ల మధ్య శిల్పాల్లా అమర్చారు. ఇది ఒకరు ఏరి పేర్చినది కాబట్టి, పైన మేము రాసిన కాలనిర్ణయపు పద్ధతులు అక్కడ పనికిరావు. చెట్లు, నాచు పాత రేకుతో ఏం చేస్తాయో మాత్రం అక్కడా చూడవచ్చు. అది సొంత తోట కాబట్టి బయలుదేరే ముందు అనుమతి గురించి కనుక్కోండి. మీరు చూడాలనుకుంటున్నది ఒక యార్డు నడిచిన తీరే అయితే జార్జియాకే మా ఓటు. బాట దిగవలసిన అవసరం లేకుండానే రెండు ముక్కల ముందు అద్దాలను, వాటి వెనుక పెరిగిన చెట్లను మీరు తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు.